గేటు తెరిచేదాకా

పెన్నకు ఉత్తరపు గట్టున ఉన్న కోవూరు నుంచి విదేశీ విమానం ఎక్కాలంటే ముందు దక్షిణానికి దిగాలి. వంతెన దాటితే నెల్లూరు, ఆ తరవాత గూడూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ. అక్కడితో మన రాష్ట్రం అయిపోతుంది. మొత్తం రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూగా చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాక్కం. మా ఊరికి ఉత్తరాన దగదర్తి దగ్గర విమానాశ్రయానికి 2019లో శంకుస్థాపన జరిగింది గానీ, నేను ఈ ప్రయాణం చేసేనాటికి అక్కడ విమానం వాలలేదు. రేణిగుంట విమానాశ్రయం దగ్గరే అయినా, మెల్బోర్న్‌కో కువైట్‌కో పోవాలంటే మాకు చెన్నై తప్పదు. 1953 దాకా నెల్లూరు జిల్లాదీ మద్రాసుదీ ఒకే రాష్ట్రం. పెద్దాసుపత్రికీ పెళ్ళి చీరలకీ మద్రాసు పోయే అలవాటు రాష్ట్రాలు విడిపోయినా పోలేదు. విమానానికి పోవడం కూడా ఆ అలవాటులోదే.

చెన్నై నుంచి బయటి దేశాలకు పోయే విమానాలు చాలావరకు రాత్రిపూట లేస్తాయి. మా వైపు వాళ్ళు మధ్యాహ్నం భోజనం కాగానే కారెక్కేస్తారు. గుమ్మిడిపూండి దగ్గర లారీలు నిలిచిపోతే ఎట్టా, పుళల్ దగ్గర వాన పట్టుకుంటే ఎట్టా అన్న దిగులు. అది న్యాయమైన దిగులే. దానివల్ల చెన్నైలో కొన్ని గంటలు మిగులుతాయి. విమానం మారే ఊళ్ళో ఇంకా కొన్ని గంటలు. అన్నీ కలిపితే గాల్లో ఉన్నంతసేపూ నేల మీద ఎదురుచూస్తూ కూడా ఉంటాం. చూసొచ్చిన ఊరి గురించి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు. దారిలో ఆగిన గంటల గురించి మాత్రం మన యాత్రా రచనల్లో చోటు తక్కువ. అమ్మను మా తమ్ముడి దగ్గరికి మెల్బోర్న్ తీసుకుపోయిన ప్రయాణంలో నాకు ఎక్కువగా గుర్తున్నవి ఆ గంటలే.

ఇందులో నాకు గురువు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో ద్విభాషిగా పనిచేసిన ఆయన 1830 మేలో పెద్ద పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరాడు. తిరుగు దారి కోస్తా వెంబడి, మా నెల్లూరు మీదుగానే. ఆయన రాసుకున్న యాత్రాచరిత్ర 1838లో అచ్చయింది. అందులో కాశీ ఎంత ఉందో, దారిలోని మజిలీలూ అంతే ఉన్నాయి. దిగిన ప్రతి ఊళ్ళో నీళ్ళు మంచివా, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి వసతి ఎలాంటిది, చుట్టుపక్కల ఏం పండుతుంది అని విచారించి రాసుకున్నాడు. రేపు పొద్దున వదిలేసి పోయే ఊరే గదా అనుకోలేదు. పెద్ద విమానాశ్రయం కూడా అలాంటి మజిలీయే. అక్కడా నీళ్ళున్నాయి, అంగళ్ళున్నాయి, పడుకునే చోట్లున్నాయి, ఆ ఊరిదైన చరిత్ర ఉంది. విచారించేవాళ్ళే కావాలి.

నేలపట్టు కొంగల ఊరు దాటి, సూళ్ళూరుపేటలో శ్రీహరికోటకు తిరిగే దారి ఎడమ చేతి వైపు వదిలి, సాయంత్రానికి మద్రాసు బైపాసు పట్టుకున్నాం. చేతిలో ఇంకా బోలెడు సమయం. సామాన్లు కార్లోనే ఉంచి డ్రైవర్‌ను తిరుసూలం పోనిమ్మన్నాను.

విమానాశ్రయానికి ఎదురుగా జి.ఎస్.టి. రోడ్డుకు ఆవలి వైపు లోకల్ రైళ్ళు ఆగే తిరుసూలం స్టేషను, దాని వెనక కొండలు. ఆ కొండల నడుమ చోళుల కాలపు శివాలయం ఉంది, త్రిశూలనాథుడి గుడి. చెన్నైలో విమానం ఎక్కే మనవాళ్ళలో ఈ గుడికి వచ్చినవాళ్ళు ఎందరో నాకు తెలియదు గానీ, గోడ మీది శాసనాలు చూస్తూ నిలబడితే తల మీదుగా విమానాల మోత వినిపిస్తూనే ఉంటుంది. అమ్మ ప్రదక్షిణాలు చేసి మండపంలో కూర్చుంది. "ఇంత గుడి పెట్టుకోని, ఆ గాజు మేడ ముందర నిలబడేదేంది నాయనా జనం" అంది. నిజమే. టెర్మినల్ ముందు పేవ్‌మెంటు మీద, ట్రాలీల మధ్య, సాగనంపడానికొచ్చిన కుటుంబాలు గంటలు గంటలు నిలబడే ఉంటాయి. టికెట్టు లేనివాళ్ళు లోపలికి పోలేరు, టికెట్టున్న మనిషికేమో అప్పుడే వాళ్ళను వదిలి పోబుద్ధి కాదు.

ఈ చుట్టుపక్కల నాలుగైదు కిలోమీటర్లలో ఉన్నంత చరిత్ర దేశంలో ఎన్ని విమానాశ్రయాల గడపల్లో ఉంటుందో చెప్పలేను. పక్కనే పల్లావరం. 1863 మే 30న అక్కడ రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఎర్రటి గులకనేలలో ఒక చేతిగొడ్డలిని గుర్తుపట్టాడు. మనిషి చెక్కిన రాయి అది. ఈ దేశంలో పాత రాతియుగపు మనుషులు తిరిగారని మొదటిసారి తేలింది దానితోనే. ఇటు పరంగిమలై. 1802లో విలియం లాంబ్టన్ ఆ కొండ దగ్గర మొదలుపెట్టి ఏడున్నర మైళ్ళ ఆధారరేఖను గొలుసుతో కొలిపించాడు. దక్కను మీదుగా పోయి, దశాబ్దాల తరవాత ఎవరెస్టు ఎత్తు తేల్చిన మహా సర్వేకు అదే తొలి అడుగు. ఈ కొండల్లోని నల్లరాయికి కూడా ఒక కథ ఉంది. కలకత్తా పేరుతో ముడిపడ్డ జాబ్ చార్నాక్ సమాధికి వాడిన రాయీ, ఇక్కడి రాయీ ఒకే రకమని గుర్తించి, 1893లో థామస్ హాలండ్ దానికి చార్నోకైట్ అని పేరు పెట్టాడు. చనిపోయిన మనిషి తన సమాధి రాయికి పేరిచ్చాడన్నమాట. అమ్మకు ఇవన్నీ చెబుతుంటే రాతిగొడ్డలి దగ్గర ఆగింది. ఎంత పాతదని అడిగింది. లక్షల ఏళ్ళన్నాను. కాసేపు కొండవైపు చూసి, మళ్ళీ ఇంకోసారి చెప్పమంది.

చెన్నైకి విమాన టపా రావడం కూడా మజిలీతోనే మొదలైంది. 1932 అక్టోబరులో టాటాల తొలి టపా విమానం కరాచీలో బయల్దేరింది. బొంబాయి దాకా జె.ఆర్.డి. టాటాయే నడిపితే, అక్కడి నుంచి నెవిల్ వింట్సెంట్ అందుకుని బళ్ళారిలో ఆగి మద్రాసు చేరాడు. మోసుకొచ్చింది ఉత్తరాలే.

లోపలికి పోయాక, భద్రతా తనిఖీ వరసలో అమ్మ చేతిలోని నీళ్ళ సీసా చెత్తబుట్టలో వేయబోయింది. ముందు నిలబడ్డ ఒకావిడ వెనక్కి తిరిగి చెయ్యి పట్టుకుని ఆపింది. "పారెయ్యబాకక్కా. నీళ్ళు తాగేసి ఉత్త సీసా పెట్టుకో. లోపల పట్టుకోవచ్చు. అక్కడ కొనాలంటే ఒక సీసా దుడ్లకి ఇంట్లో వారం పాలొస్తాయి." ఉదయగిరి వైపు మనిషి. కువైట్‌లో ఇంటిపనికి పోతోంది, సెలవు మీదొచ్చి తిరిగి వెళ్తోంది. ఆ రాత్రి గంటన్నర మాతోనే కూర్చుంది.

విమానాశ్రయంలో సమయం ఎట్లా గడపాలో ఆవిడకి తెలిసినంతగా నేను కలిసిన ఏ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికీ తెలియదు. ఫోను చార్జింగు పెట్టుకునే చోటు ముందు చూసుకుని, దాని పక్కనే సీటు పట్టుకోవాలి. నిద్రొస్తే సంచీ పట్టీ కాలికి చుట్టుకుని పడుకోవాలి. పాస్‌పోర్టు సంచీలో కాదు, జాకెట్టులో. లోపల చలిగా ఉంటుంది, దుప్పటి లాంటి శాలువా ఒకటి చేతి సామానులోనే ఉండాలి. తెరమీద విమానం నంబరు గుర్తుపట్టడం రాకపోతే, ఆ నంబరు కాగితం మీద పెద్దగా రాయించుకుని తెరమీది అక్షరాలతో ఒక్కొక్కటే పోల్చుకోవాలి. మొదటిసారి పోయినప్పుడు దోహాలో ఇట్లాగే పోల్చుకున్నానని చెప్పింది. చెబుతున్నప్పుడు ఆవిడ గొంతులో ఉన్నది గర్వం, అది ఆవిడకు దక్కాల్సిందే.

పదో తరగతి పాసు కాని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఇ.సి.ఆర్. అనే ముద్ర పడుతుంది. 1983 నాటి వలస చట్టం ప్రకారం వాళ్ళు కువైట్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి ఉండాలి. ఇంటిపనికి పోయే ఆడవాళ్ళకైతే ముప్పై ఏళ్ళు నిండి ఉండాలి. ఈ నిబంధనలన్నీ దాటుకుని, బిడ్డల్ని అమ్మమ్మ దగ్గర వదిలి, ఏజెంటు చేతిలో కాగితాలు నిజమైనవో కావో తెలియక, మొదటిసారి ఈ హాల్లో కూర్చున్న మనిషికి కాలక్షేపం ఎక్కడిది? ఉన్నది భయం ఒక్కటే. నెల్లూరు, కడప జిల్లాల ఆడవాళ్ళు వేలమంది ఈ కుర్చీల్లోనే ఆ భయాన్ని దాటారు. దాటినవాళ్ళు కొత్తగా వచ్చేవాళ్ళ చెయ్యి పట్టుకుంటున్నారు. ఆవిడ లేచేటప్పుడు అమ్మ పులిహోర పొట్లం ఒకటి చేతిలో పెట్టింది. ఆవిడ కళ్ళకద్దుకుని తీసుకుంది.

పొద్దున్నే సింగపూర్‌లో దిగాం. గడియారం రెండున్నర గంటలు ముందుకు తిప్పుకోవాలి. మెల్బోర్న్ విమానం మళ్ళీ రాత్రికి గానీ లేదు. వైఫై తగలగానే తమ్ముడి ఫోను. "అన్నా, గేటు ఎక్కడో చూసుకోని ఆడే కూర్చోండి. అమ్మని యాడికీ తిప్పబాక. తప్పిపోతుంది."

ప్రేమతో చెప్పే మాటే అది. విదేశాల్లో ఉన్న మన పిల్లలు అమ్మానాన్నలకు ఎప్పుడూ చెప్పేది కూడా అదే. దానికి తోడు, కాళ్ళు బాగానే ఉన్నా చక్రాల కుర్చీ రాయిస్తారు. భాష రాని పెద్దవాళ్ళకు ఇమిగ్రేషన్ దగ్గర అది నిజంగా అండ, కాదనను. నడవలేనివాళ్ళకు దాని అవసరం ఎంతో చెప్పక్కర్లేదు. కానీ నడవగలిగిన మనిషిని ఆ కుర్చీలో తీసుకుపోయి ఒక మూల దించితే, తిరిగి వచ్చి తీసుకెళ్ళేదాకా ఆ మూలే లోకం. బాత్‌రూముకి లేవాలన్నా కుర్చీ తోసే మనిషి వచ్చి వెతుక్కుంటాడేమోనని బిగబట్టుకుంటారు. నీళ్ళు తాగడం మానేస్తారు. గంటల తరబడి కదలకుండా కూర్చుని, మళ్ళీ విమానంలో కదలకుండా కూర్చుంటే కాళ్ళు పొంగుతాయి. అరవై ఏళ్ళు దాటిన ఒంటికి ఆ మధ్యలో నడక చాలా అవసరం. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను: గేటు దగ్గర కూర్చోబెట్టడం జాగ్రత్త కాదు.

పైగా సింగపూర్ విమానాశ్రయమైన చాంగీలో ఆ సలహా పనికొచ్చేది కూడా కాదు. అక్కడ మొదటి మూడు టెర్మినళ్ళలో భద్రతా తనిఖీ గేటు దగ్గరే జరుగుతుంది. విమానం వేళ దగ్గరపడేదాకా గేటు హాలు తెరవరు. రాత్రి విమానానికి పొద్దున్నే గేటు నంబరు కూడా రాదు. మిగతా సమయమంతా మనిషిని తిరగమనే ఆ చోటును కట్టారు.

చాంగీ 1981లో తెరిచారు, చాలా భాగం సముద్రాన్ని పూడ్చి తెచ్చుకున్న నేల మీద. అంతకు ముందు సింగపూర్ విమానాశ్రయం పయా లేబార్‌లో ఉండేది. ఇంకా వెనక్కి పోతే, 1943, 44లలో జపాన్ సైన్యం యుద్ధఖైదీలతో చాకిరీ చేయించి చాంగీలోనే విమానాలు దిగే దారి వేయించింది. ఇప్పుడు ఇక్కడ కాలి కింద మెత్తటి తివాచీలు, పైన అద్దాల కప్పు. ఆ ఖైదీల సంగతి ఏ అంగడి ముందూ రాసి ఉండదు. తెలుసుకుని నడవడం మన బాధ్యత అనిపించింది.

మొదట అమ్మకు ముఖం కడుక్కోవడం, సీసా నింపుకోవడం. తరవాత పాదాలు నొక్కే యంత్రాలున్న కుర్చీలు, ఉచితం. అమ్మ ముందు జంకింది, తరవాత లేవనంది. ఆ పక్కనే పడుకోవడానికి వీలుగా వాలు కుర్చీలున్న మూలలు ఉన్నాయి, అవీ ఉచితమే. ఒక గంట కునుకు తీసింది. నేను కాపలా కాశాను.

మూడో టెర్మినల్లో సీతాకోకచిలకల తోట ఉంది. రెండంతస్తులు, మధ్యలో చిన్న జలపాతం, వందల సీతాకోకచిలకలు. తలుపు తీయగానే ఉక్క. ఏసీ చలిలో వణుకుతూ వచ్చినవాళ్ళకి ఆ ఉక్క హాయిగా ఉంటుంది. మా నెల్లూరు వాళ్ళకైతే ఇంటికొచ్చినట్టే. పండు ముక్కలు పెట్టిన పళ్ళేల మీద అవి వాలి తింటున్నాయి. ఒక చోట కోశస్థ దశలో ఉన్న గూళ్ళు వరసగా వేలాడదీసి ఉంచారు. అమ్మ వాటి ముందు చాలాసేపు నిలబడింది. ఒకటి చిట్లి రెక్కలు బయటికి రావడం చూసేదాకా కదలలేదు. పక్కన ఒక చైనా ముసలావిడ కూడా అట్లాగే నిలబడి ఉంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. రెక్కలు విప్పుకోగానే ఇద్దరూ ఒకేసారి ఒకరివైపు ఒకరు తిరిగి నవ్వారు.

ఇది గాక రెండో టెర్మినల్లో పొద్దుతిరుగుడు పూల తోట, మొదటి టెర్మినల్లో ఎడారి మొక్కల తోట ఆరుబయట ఉన్నాయి. రాత్రంతా విమానంలో గడిపినవాళ్ళకి అసలైన ఎండ తగలడం మందు లాంటిది. సినిమా హాలు కూడా ఉంది, టికెట్టు లేదు. మేం పోలేదు.

ఎంతోమంది మనవాళ్ళకు తెలియని సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. టెర్మినళ్ళ నడుమ ఉన్న జ్యూయెల్ అనే అద్దాల కట్టడంలో నలభై మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు దూకుతాయి. కప్పు కింద కట్టిన జలపాతాల్లో లోకంలోకెల్లా ఎత్తయినది అదే. మోషే సాఫ్డీ రూపకల్పన, 2019లో తెరిచారు. అది ఇమిగ్రేషన్‌కు బయట ఉంది కాబట్టి వీసా లేనివాళ్ళు లోపలికి పోలేరు. కానీ రెండో టెర్మినల్‌కూ మూడో టెర్మినల్‌కూ మధ్య తిరిగే స్కైట్రైన్ ఆ కట్టడం లోపలి నుంచే పోతుంది. ఆ రైలెక్కితే కిటికీలోంచి జలపాతం ఎదురుగా కనిపిస్తుంది. వీసా అక్కర్లేదు, డబ్బక్కర్లేదు. మేం అటూ ఇటూ మళ్ళీ మళ్ళీ తిరిగాం.

భారతీయులకు సింగపూర్‌లో అడుగుపెట్టడానికి వీసా కావాలి. అయితే అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా, బ్రిటన్, జపాన్ లాంటి కొన్ని దేశాల వీసా కనీసం నెల గడువుతో చేతిలో ఉండి, ముందుకు పోయే టికెట్టు ఉంటే, 96 గంటల దాకా వీసా లేకుండా లోపలికి అనుమతించే పద్ధతి ఒకటి ఉంది. దాని షరతులు బయల్దేరే ముందే చూసుకోవాలి, రాక పత్రం ఆన్‌లైన్‌లో నింపుకోవాలి, చివరి మాట ఇమిగ్రేషన్ అధికారిదే. మా ఇద్దరికీ ఆస్ట్రేలియా వీసా ఉంది. అయిదున్నర గంటలకు మించి ఆగేవాళ్ళకు విమానాశ్రయమే ఉచితంగా బస్సులో ఊరు చూపిస్తుంది, రెండున్నర గంటలు. అమ్మకు బస్సు కిటికీలోంచి మేడలు చూడాలని లేదు. "ఈ ఊళ్ళో మన దేముడు యాడన్నా ఉండాడా?" అని అడిగింది.

ఉన్నాడు. ఎక్స్‌పో స్టేషనులో రైలు మారి లిటిల్ ఇండియాకు పోయాం. సెరంగూన్ రోడ్డు మీద శ్రీనివాస పెరుమాళ్ కోవెల 1855 నాటిది. తైపూసం పండగ రోజున కావళ్ళు బయల్దేరేది ఇక్కడి నుంచే. మధ్యాహ్నం తలుపులు మూసేలోగా దర్శనం అయింది. స్వామిని చూడగానే అమ్మ "తిరపతి కొండకి పోలేకపోతి, నువ్వే ఈడ కనబడితివా" అని చేతులెత్తింది. అక్కడి నుంచి నడుచుకుంటూ 1947 నుంచీ ఉన్న కోమల విలాస్‌కు పోయి భోంచేశాం. అరిటాకులో సాంబారు, కూర, అప్పడం.

ఆ వీధిలో నడుస్తుంటే నాకు 'రజూలా' గుర్తొచ్చింది. 1926లో నీళ్ళలోకి దిగిన ఆ ఓడ దాదాపు అర్ధశతాబ్దం మద్రాసు, నాగపట్టణం, పెనాంగ్, సింగపూర్ మధ్య తిరిగింది. మనవాళ్ళు, తమిళులు, వేలాదిమంది డెక్కు మీద చాపలు పరుచుకుని రోజుల తరబడి ప్రయాణం చేశారు. మలయా తోటలకు పోయిన తెలుగు కూలీల్లో ఎక్కువమంది ఉత్తరాంధ్ర వాళ్ళు. వాళ్ళ వారసులు ఇప్పటికీ మలేసియాలో తెలుగు మాట్లాడుకుంటున్నారు. సింగపూర్ తెలుగు సమాజం 1975లో ఏర్పడింది. ఓడలో చాప పక్క చాప వేసుకుంటే ఊరూ పేరూ అడగకుండా ఉండలేరు. దిగేసరికి ఒకరికొకరు ఓడ చుట్టాలైపోయేవారట. విమానాశ్రయంలో ఒక్కో కుర్చీకి మధ్య చేతిపట్టీలు ఉంటాయి, ఎవరి చెవుల్లో వాళ్ళకి ఇయర్‌ఫోన్లు. మాట కలపడానికి మనమే పూనుకోవాలి.

వేరే దారుల్లో పోయేవాళ్ళ కోసం రెండు మాటలు. దోహాలోని హమద్ విమానాశ్రయంలో తల మీద దీపం మోస్తున్న పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఉంటుంది, ఏడు మీటర్ల ఎత్తు. స్విట్జర్లాండ్‌కు చెందిన ఉర్స్ ఫిషర్ చేసిన ఈ శిల్పం 2011లో న్యూయార్క్ వేలంలో 68 లక్షల డాలర్లు పలికింది. విడిపోతే మళ్ళీ కలుసుకోవడానికి అంతకన్నా మంచి గుర్తు దొరకదు. అబూ ధాబీలో 2014 నుంచీ అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే చేసేస్తున్నారు కాబట్టి, అమెరికా పోయే పెద్దవాళ్ళు అక్కడ తిరగడానికి సమయం ఉందనుకోకూడదు. ఆ వరసలో ముందుగా నిలబడటమే మంచిది. పచ్చళ్ళ సంగతి అందరికీ తెలిసిందే అయినా చెబుతున్నా. 2006లో లండన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడ్డాక వచ్చిన వంద మిల్లీలీటర్ల నిబంధన గోంగూరకూ వర్తిస్తుంది. చేతి సంచీలో పెట్టుకుంటే మజిలీలో పోగొట్టుకుంటాం.

మజిలీలోనే ఏళ్ళ తరబడి ఉండిపోయిన మనిషీ ఒకడున్నాడు. ప్యారిస్ విమానాశ్రయంలో మెహ్రాన్ కరీమీ నస్సేరీ అనే ఇరాన్ దేశస్థుడు 1988 నుంచి 2006 దాకా బతికాడు. కాగితాలు చిక్కుపడి ఎటూ పోలేక మొదలైన వాసం అది. ఎర్ర బెంచీ మీద కూర్చుని పుస్తకాలు చదివాడు, డైరీ రాసుకున్నాడు. 2022 నవంబరులో మళ్ళీ అదే విమానాశ్రయంలో కన్నుమూశాడు. ఆయన్ని ఆపింది ఒక కాగితం. మమ్మల్ని సెరంగూన్ రోడ్డు దాకా పోనిచ్చిందీ ఒక కాగితమే. ఉదయగిరి ఆవిడకు ఇక్కడ ఎన్ని గంటలు దొరికినా పెరుమాళ్ దర్శనం లేదు. కువైట్ వీసాకు ఆ తలుపు తెరవరు. తోటలూ, నీళ్ళూ, కుర్చీలూ అందరికీ ఒకటే పెట్టిన చోట ఈ తేడా నన్ను చాలా బాధపెట్టింది.

చీకటి పడేవేళకి జ్యూయెల్‌కు తిరిగొచ్చాం. ఈసారి లోపలికే పోయి జలపాతం చుట్టూ మెట్లమీదున్న తోటలో కూర్చున్నాం. "ఈ నీళ్ళు యాడి నించి వస్తాయి నాయనా?" సోమశిల జలాశయం నుంచి నీళ్ళు వదిలారా లేదా అని ఏడాది పొడుగునా మాట్లాడుకునే ఊరి మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. ఆ కప్పు మీద పడే వాననీటినే పట్టి వాడతారని, ఉరవడిగా దూకేటప్పుడు నిమిషానికి దాదాపు 38 వేల లీటర్లు పడతాయని చెప్పాను. "పడినవి మళ్ళీ పైకి తోడతారా?" తోడతారన్నాను. "అట్టయితే సరే" అంది. వృథా కావడం లేదని తెలిశాకే రంగుల దీపాలు చూడటం మొదలుపెట్టింది.

గేటు దగ్గర సీసాలో నీళ్ళు పారబోసి, తనిఖీ దాటి, లోపలి కుళాయి దగ్గర మళ్ళీ నింపుకున్నాం. మా ఎదుటి వరసలో గుంటూరు వైపు దంపతులు కూర్చున్నారు. కొడుకు దగ్గరికి పోతున్నారట. వాళ్ళూ పొద్దున్నే దిగారు. చక్రాల కుర్చీల వాళ్ళ కోసం ఉంచిన చోటే రోజంతా కూర్చున్నామని, మధ్యాహ్నం బిస్కెట్లు తిన్నామని ఆవిడ చెప్పింది. కాళ్ళు చూపించింది, మడమలు పొంగి ఉన్నాయి. అమ్మ లేచిపోయి ఆవిడ పక్క కుర్చీలో కూర్చుంది.

"కాళ్ళు బాగానే ఆడతాయా వదినా?"

"ఆడతాయమ్మా. ఇంట్లో పనంతా నేనే గదా చేసుకునేది."

"అయితే తిరిగొచ్చేటప్పుడు కూర్చోబాకండి. కుర్చీ ఆయనకి మళ్ళీ ఎన్నింటికి రావాలో చెప్పేసి లేవండి. మూడో టెర్మినల్లో సీతాకోకచిలకల తోట ఉండాది. కాళ్ళు పట్టే కుర్చీలుండాయి, దుడ్లక్కర్లేదు. అద్దాల రైలొకటి ఉండాది, రెండో దానికీ మూడో దానికీ మధ్య తిరగతా ఉంటది. అదెక్కితే ఈ పక్క నించి నీళ్ళు పడతా కనిపిస్తాయి."

పెద్దాయన చొక్కా జేబులోంచి పెన్ను తీశాడు. టికెట్టు కాగితం వెనక రాసుకోవడం మొదలుపెట్టి, ఒకచోట ఆగి అడిగాడు.

"వీసా చూపించమంటారేమో గదమ్మా ఆ రైలుకి?"

"ఎవురూ అడగరన్నా. తలుపు తెరుచుకుంటది, ఎక్కడమే. ఎన్నిసార్లన్నా తిరగొచ్చు."

"ఏ పక్క కిటికీ అన్నావు?" అని మళ్ళీ అడిగి, అది కూడా రాసుకున్నాడు.